గవర్నమెంటే వాటా కొన్న కంపెనీల్లో మనమూ పెట్టొచ్చా? (ఇంటెల్, క్వాంటం, బయోటెక్)

ఫ్రిస్కో_గోదారోడు

అందరికీ నమస్తే, 2025 డిసెంబర్‌లో రాస్తున్నా. నాలుగేళ్ళుగా ఇక్కడ చదువుతూనే ఉన్నా గానీ పోస్టు పెట్టడం ఇదే మొదటిసారి, కాస్త పెద్దదవుద్ది, ఓపిక పట్టండి.

మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 401కే (ఆఫీసు రిటైర్మెంటు ఖాతా) లో ఇండెక్స్ ఫండు తప్ప ఇన్నాళ్ళూ వేరే ధ్యాస లేదు. ఇంటి డౌన్‌పేమెంటుకని దాచిన దాంట్లో ఒక 40 వేల డాలర్లు అలా సేవింగ్స్‌లో పడున్నాయి, ఈ వడ్డీ రేట్లు చూసి మా ఆవిడే ఇల్లు ఇప్పుడొద్దంది. సరే అని ఊరుకుంటే, మా వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నాడు, రోజూ పొద్దున్నే స్టాకుల గురించి ఉపన్యాసం. ఆయన థియరీ ఏంటంటే, ట్రంప్ గవర్నమెంటు ఏ కంపెనీలో వాటా తీసుకుంటే ఆ కంపెనీ ఇక మునగదు, మునగనివ్వరు, కాబట్టి వాళ్ళ వెనకాలే మనమూ దూరిపోవాలి అని.

ఆయన లెక్కలు చూస్తే నిజమే అనిపిస్తోంది మరి. ఆగస్టులో ఇంటెల్‌లో గవర్నమెంటు 20.47 డాలర్లకి కొంది, ఇప్పుడు 35 పైన ఉంది. జూలైలో ఎంపీ మెటీరియల్స్ అనే రేర్ ఎర్త్ ఖనిజాల కంపెనీలో డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ 400 మిలియన్లు పెడితే షేరు ఆ ఒక్కరోజే సగానికి సగం పెరిగింది. ట్రిలజీ మెటల్స్ అని అలాస్కా గనుల కంపెనీ, రెండు డాలర్ల షేరు, గవర్నమెంటు 10 శాతం అనగానే మూడింతలు. నెక్స్ట్ క్వాంటం కంప్యూటర్ల కంపెనీలు, ఆ తర్వాత బయోటెక్ అంటున్నాడాయన.

నా డౌట్లు: గవర్నమెంటు వాటా ఉంటే నిజంగా సేఫేనా? బయోటెక్‌లో కూడా ఇదే లెక్క పనిచేస్తుందా? హైదరాబాద్‌లో మా బావమరిది కూడా అక్కణ్ణించే ఇవి కొంటానంటున్నాడు, వాడికేం చెప్పాలి? తిట్టేవాళ్ళు కొంచెం మెల్లగా తిట్టండి.

---

రాకెట్_రాజా

ఇంత ఆలోచన ఎందుకు బ్రో, ఇంటెల్, క్వాంటంలో ఐయాన్‌క్యూ సగం సగం కొనేసి యాప్ డిలీట్ చేసెయ్. మూడేళ్ళ తర్వాత నాకు థాంక్స్ చెప్తావ్.

---

చిప్పు_సోదరుడు

రాజా, నువ్వు ప్రతి థ్రెడ్‌లో ఇదే చెప్తావ్, కిందటేడు కూడా ఏదో కొనేసి డిలీట్ చెయ్యమన్నావ్.

గోదారోడూ, నేను అరిజోనాలో చాండ్లర్ సైడు, సెమీకండక్టర్ పనే, ఏ కంపెనీ అనేది వదిలెయ్. ఇంటెల్ డీల్ గురించి చాలామందికి అర్థం కాని ముక్క ఒకటుంది. గవర్నమెంటు 8.9 బిలియన్ డాలర్లు "పెట్టింది" అంటున్నారు కదా, అందులో కొత్త డబ్బు ఏదీ? 5.7 బిలియన్లు చిప్స్ చట్టం (అమెరికాలో చిప్పుల తయారీకి సాయమిచ్చే చట్టం) కింద ఇంటెల్‌కి ఇస్తామని ముందే ఒప్పుకుని ఇంకా ఇవ్వని గ్రాంటు. మిగతా 3.2 బిలియన్లు సెక్యూర్ ఎన్‌క్లేవ్ అని మిలిటరీ చిప్పుల ప్రోగ్రాము కింద ముందే కేటాయించింది. అంటే ఊరికే ఇస్తానన్న కట్నం తర్వాత "ఇస్తాగానీ ఇంట్లో వాటా రాసియ్యి" అన్నట్టు. 43.33 కోట్ల షేర్లు, 9.9 శాతం, ఒక్కోటి 20.47 కి, ఆ రోజు మార్కెట్లో క్లోజింగు 24.80. తేడా ఎవరి జేబులోంచి పోయింది? పాత షేర్‌హోల్డర్ల జేబులోంచే. ఇంకో 5 శాతానికి 20 డాలర్ల చొప్పున వారంట్ (ముందే అనుకున్న రేటుకి షేర్లు కొనే హక్కు) కూడా ఉంది, ఇంటెల్ తన ఫ్యాక్టరీల బిజినెస్‌లో 51 శాతం కన్నా కిందకి దిగితేనే అది పనికొస్తుంది. అంటే ఫ్యాక్టరీలు అమ్ముకోకుండా కాళ్ళకి బంధం వేసినట్టు.

కంపెనీకి లాభం లేదా అంటే ఉంది, గ్రాంటుకున్న షరతులు చాలావరకు ఎగిరిపోయాయి, ఇప్పుడు ఆ డబ్బు చేతికొస్తుంది. కానీ షేరు 35 దాకా వెళ్ళింది గవర్నమెంటు వల్లే అనుకోకు. సాఫ్ట్‌బ్యాంక్ 23 కి 2 బిలియన్లు పెట్టింది, సెప్టెంబర్ 18న ఎన్విడియా 23.28 చొప్పున 5 బిలియన్లు పెడతానంది, ఆ రోజే షేరు 20 శాతం పైన లేచింది. ఇంకో విషయం, వాటా సంగతి ఫైలింగులో పెట్టినప్పుడు రిస్కుల కింద ఇంటెలే రాసుకుంది, మా అమ్మకాల్లో 76 శాతం అమెరికా బయటే, యూఎస్ గవర్నమెంటు వాటాదారు అవడం వల్ల బయటి దేశాల్లో మా వ్యాపారం దెబ్బ తినొచ్చు అని. ఇది మీ పెద్దాయన పొద్దుటి ఉపన్యాసంలో వచ్చిందా?

ఎంపీ కథ వేరు, అక్కడ నిజంగానే గట్టి సంగతి ఉంది. వాటా కన్నా ముఖ్యమైంది ధర గ్యారంటీ. నియోడిమియం ప్రేసియోడిమియం (అయస్కాంతాల్లో వాడే రేర్ ఎర్త్ లోహాలు) కిలోకి 110 డాలర్లు తగ్గకుండా పదేళ్ళు చూస్తామని డిఫెన్స్ వాళ్ళు రాసిచ్చారు, అప్పుడు మార్కెట్ రేటు దానికి సగం చుట్టూ ఉంది. మన దగ్గర వడ్లకి మద్దతు ధర ఉన్నట్టు. అంత మంచి డీల్ ఉన్న షేరు కూడా అక్టోబర్ మధ్యలో 100 తాకి, నెలాఖరులో ట్రంప్, జిన్‌పింగ్ కూర్చుని మాట్లాడుకున్నారు, చైనా తన కొత్త రేర్ ఎర్త్ ఎగుమతి ఆంక్షలు ఏడాది వాయిదా వేసింది, ఇంక చూస్కో, డిసెంబర్‌కల్లా 40 శాతం పైన పోయింది. ధర గ్యారంటీ ఎక్కడికీ పోలేదు, గనీ ఎక్కడికీ పోలేదు, భయం పోయింది అంతే. 100 కి కొన్నోడు కొన్నది ఆ భయాన్ని.

---

ఫ్రిస్కో_గోదారోడు

అన్నా, ఈ గ్రాంటు ముక్క నాకు అస్సలు తెలీదు. మరి క్వాంటం సంగతేంటి? అక్టోబర్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ వాళ్ళే రాశారు కదా వాటా తీసుకుంటారని.

---

చిప్పు_సోదరుడు

రాశారు, ఐయాన్‌క్యూ, రిగెట్టి, డీ-వేవ్ పేర్లతో సహా. షేర్లు లేచాయి. తర్వాత కామర్స్ డిపార్ట్‌మెంట్ మనిషి మేం ప్రస్తుతం ఏ క్వాంటం కంపెనీతోనూ బేరాలాడట్లేదు అన్నాడు. అంతే కథ. వార్తకి కొన్నావ్, ఖండనకి దొరికిపోయావ్.

ఈ ఏడాది జనవరి 8న ఏమైందో గుర్తుందా, ఎన్విడియా సీఈఓ జెన్సన్ హువాంగ్ బాగా పనికొచ్చే క్వాంటం కంప్యూటర్ రావడానికి 15 నుంచి 30 ఏళ్ళు అని ఒక్క మాటన్నాడు, ఈ షేర్లన్నీ 40 శాతం చుట్టూ కూలాయి. ఒక మనిషి ఒక మాటంటే సగం పోయే దాన్ని వాల్యుయేషన్ అనరు, మూడ్ అంటారు. రిగెట్టి ఈ ఏడాది మూడో క్వార్టర్ అమ్మకాలు ఎంతో తెలుసా, 19 లక్షల డాలర్లు. 19 మిలియన్లు కాదు నాయనా, రెండు మిలియన్లు కూడా లేదు. ఫ్రిస్కోలో బాగా నడిచే ఇండియన్ గ్రోసరీ దీనికన్నా ఎక్కువ అమ్ముద్దేమో. కంపెనీ మార్కెట్ విలువ మాత్రం బిలియన్లలో.

---

ఉద్దండరాయునిపాలెం_ఎక్స్‌ప్రెస్

ఇక్కడో మాట చెప్పనీండి, నాకు స్టాకులు అంతగా తెలీవు, భూములు తెలుసు. పార్టీల గొడవ పెట్టకండి, ముందే చెప్తున్నా, మాడరేటర్ గారు థ్రెడ్ మూసేస్తారు.

2015 అక్టోబర్ 22న మా ఊళ్ళో రాజధానికి శంకుస్థాపన. ప్రధానమంత్రి వచ్చాడు. ఇంతకన్నా పెద్ద గవర్నమెంటు వాటా ఏముంటుంది చెప్పండి, సాక్షాత్తూ గవర్నమెంటే వచ్చి కూర్చుంటానంది. మా పెద్దబావ హైదరాబాద్‌లో ఉన్న ఫ్లాటు అమ్మి మరీ తుళ్ళూరు దగ్గర ప్లాట్లు కొన్నాడు, అందరం అదృష్టవంతుడు అన్నాం, నేనూ కాస్త కుళ్ళుకున్నా నిజం చెప్పాలంటే. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానులు అన్నారు. ఆ సాయంత్రం నించి అడిగే నాథుడు లేడు. రేటు పడిపోవడం ఒకెత్తు, అసలు కొనేవాడే లేకపోవడం ఇంకో ఎత్తు. కూతురి పెళ్ళికి బావ అప్పు చేశాడు, చేతిలో కోట్ల ఆస్తి పెట్టుకుని. 2024 జూన్‌లో మళ్ళీ ప్రభుత్వం మారాక ఫోన్లు మొదలయ్యాయి.

ఇప్పుడు చూస్తే బావ గెలిచినట్టే. కానీ ఆ నాలుగున్నరేళ్ళు ఆయన నిద్రపోయింది నేను చూళ్ళేదు. భూమి కాబట్టి అక్కడే ఉంది, కంపెనీ అయితే ఈలోపు దివాలా తీసుండేది. తమ్ముడూ, గవర్నమెంటు వచ్చింది అని కొనేటప్పుడు ఆ గవర్నమెంటు ఎన్నాళ్ళుంటుంది, తర్వాత వచ్చేవాడు దీన్ని ఉంచుతాడా అని కూడా చూసుకో. నీకు నాలుగేళ్ళు ఆగే డబ్బేనా ఇది? ఇంటి డౌన్‌పేమెంటు అన్నావ్, అందుకే అడుగుతున్నా.

---

పాతకాపు_న్యూజెర్సీ

పైన బావగారి కథ చదివాక నా కథ చెప్పాల్సిందే.

2020 ఎండాకాలం. ఒక చిన్న బయోటెక్ కంపెనీ, పేరెందుకులే, ఆపరేషన్ వార్ప్ స్పీడ్‌లో (అమెరికా గవర్నమెంటు కోవిడ్ వ్యాక్సిన్ల ప్రోగ్రాము) దాని పేరు వినపడిందని ఒక ఫ్రెండు చెప్పాడు. గవర్నమెంటే డబ్బిస్తోంది, గవర్నమెంటే కొంటుంది, ఇంక అమ్ముడుపోవడం ఏముంది అనుకున్నా. 22 వేలు పెట్టా. మూడు వారాల్లో 51 వేలయింది, ఆఫీసులో అందరికీ సమోసాలు పంచా. ఆ తర్వాత ట్రయల్ లేటు, ఆ తర్వాత కంపెనీయే కొత్త షేర్లు అమ్ముకోవడం, ఆ తర్వాత ఇంకో లేటు. 2022లో నేను అమ్మినప్పుడు నాలుగు వేల చిల్లర వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ సమోసా చూస్తే నావైపు చూస్తుంది.

నాది చిన్న చేప, అందరికీ తెలిసిన పెద్ద చేప నోవావ్యాక్స్. 2020 మొదట్లో షేరు నాలుగైదు డాలర్లు. జూలైలో గవర్నమెంటు 1.6 బిలియన్ డాలర్లు ఇస్తామంది. 2021 ఫిబ్రవరికి 300 దాటింది. వ్యాక్సిన్ పనిచెయ్యలేదా అంటే చేసింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఎఫ్‌డీఏ (మందులకి అనుమతిచ్చే అమెరికా సంస్థ) అనుమతి వచ్చేసరికి 2022 జూలై, అప్పటికి జనాలందరూ ఫైజర్, మోడెర్నా వేయించుకుని మాస్కులు కూడా తీసేశారు. 2023 ఫిబ్రవరికి కంపెనీయే మేం ఏడాది నిలబడతామో లేదో అని రాసిచ్చింది. ఆ ఏడాది చివరికి షేరు మళ్ళీ అయిదు డాలర్ల దగ్గర. గవర్నమెంటు డబ్బు అబద్ధం కాదు, పూర్తిగా నిజం. ఆ డబ్బు మందు తయారు చెయ్యడానికి, షేరు కొన్నవాళ్ళని కాపాడ్డానికి కాదు. ఈ ఒక్క తేడా నాకు 18 వేల డాలర్లకి అర్థమైంది.

మోడెర్నా అయితే ఇంకా తమాషా. జనవరిలో పాత గవర్నమెంటు దిగిపోయే ముందు బర్డ్ ఫ్లూ వ్యాక్సిన్‌కి 590 మిలియన్లు, అంతకుముందు ఇచ్చిన 176 కలిపి 766. మే నెలలో ఆరోగ్య శాఖలో కొత్తవాళ్ళు రద్దు చేసేశారు. ఆగస్టులో ఎంఆర్ఎన్ఏ ప్రాజెక్టులు 22 ఆపేశారు, దాదాపు 500 మిలియన్లవి. ఒకప్పుడు దేశాన్ని కాపాడిందన్న టెక్నాలజీ, అదే డిపార్ట్‌మెంటు. కుర్చీలో మనిషి మారాడు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అని ఊరికే అన్నారా.

---

రాకెట్_రాజా

అంకుల్, మీరు అమ్మకుండా ఉండాల్సింది 🙂 టెస్లాని కూడా గవర్నమెంటు అప్పే కదా నిలబెట్టింది, అది చెప్పరేం?

---

పాతకాపు_న్యూజెర్సీ

చెప్తా బాబూ. 2010లో ఎనర్జీ డిపార్ట్‌మెంటు టెస్లాకి 465 మిలియన్లు అప్పిచ్చింది, 2013 మేలో తొమ్మిదేళ్ళు ముందే తీర్చేశారు. అదే డిపార్ట్‌మెంటు ఇంకో ప్రోగ్రాములో 2009లో సొలిండ్రా అని సోలార్ కంపెనీకి 535 మిలియన్ల గ్యారంటీ, 2011లో దివాలా. ఒకే ఆఫీసు, ఒకే రకం సంతకం. ఏది టెస్లా ఏది సొలిండ్రా అని నువ్వు 2010లో చెప్పగలిగేవాడివా? నేను చెప్పలేకపోయేవాణ్ణి. నిజానికి నువ్వప్పుడు ఆరో క్లాసేమో.

---

ల్యాబ్_కోటు

హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ నించి హాయ్. నేను కెమిస్టుని, తుర్కపల్లిలో ఒక కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలో (బయటి మందుల కంపెనీల పని చేసిపెట్టేది) పని. పైన అందరూ గవర్నమెంటు డబ్బు ఇవ్వడం గురించే మాట్లాడుతున్నారు, బయోటెక్‌లో దానికన్నా పెద్ద సంగతి గవర్నమెంటు "సరే" అనడం, "వద్దు" అనడం. వాటా లేకుండానే గవర్నమెంటు చేతిలో కంపెనీ ప్రాణం ఉంటుంది ఇక్కడ.

ఈ ఏడాదే చూడండి. యూనిక్యూర్ అని కంపెనీ, హంటింగ్టన్ వ్యాధికి జీన్ థెరపీ, సెప్టెంబర్‌లో డేటా వచ్చింది, జబ్బు ముదరడం 75 శాతం నెమ్మదించింది అన్నారు. షేరు ఒక్కరోజులో మూడింతలు దాటింది. నేనూ చదివి కళ్ళు చెమర్చా, ఆ జబ్బున్న కుటుంబాలకి ఇన్నాళ్ళూ ఏమీ లేదు కదా. నవంబర్ 3న కంపెనీ చెప్పింది, మేం పోల్చిన డేటా సరిపోతుందని ఇంతకుముందు ఒప్పుకున్న ఎఫ్‌డీఏ ఇప్పుడు సరిపోదంటోంది అని. దాదాపు సగం పోయింది. మందు మారలేదు, రోగులు మారలేదు, డేటా మారలేదు. దీన్ని ఏ చార్టులో చూసి ఊహిస్తారు? మార్చి చివర్లో ఎఫ్‌డీఏ వ్యాక్సిన్ల విభాగం పెద్ద పీటర్ మార్క్స్ రాజీనామా చేస్తే తర్వాతి సోమవారం బయోటెక్ షేర్లన్నీ కిందకే. ఒక ఆఫీసరు పోతే!

మామూలు రోజుల్లోనే మనుషుల మీద మొదటి ట్రయల్ మొదలైన మందుల్లో చివరికి అనుమతి దాకా వచ్చేవి 2011 నుంచి 2020 మధ్య లెక్కలో 7.9 శాతం. వందకి ఎనిమిది. దానికి తోడు ఇప్పుడు ఈ రాజకీయం.

ఇంక మా హైదరాబాద్ సంగతి. బయోసెక్యూర్ చట్టం అని వినుంటారు, ప్రమాదమనుకున్న చైనా బయోటెక్ కంపెనీలతో అమెరికా గవర్నమెంటు డబ్బు తినేవాళ్ళు లావాదేవీలు పెట్టుకోకూడదు అని. 2024 జనవరిలో బిల్లు, అందులో వూషీ లాంటి చైనా కంపెనీల పేర్లు ఉన్నాయి, సెప్టెంబర్‌లో హౌస్ పాస్ చేసింది, డిసెంబర్‌లో ఆగిపోయింది. ఇదిగో ఈ డిసెంబర్ 18న డిఫెన్స్ బిల్లులో కలిపి సంతకమైంది, పేర్లు తీసేసి. ఈ రెండేళ్ళలో ప్రతి వార్తకీ ఇక్కడ మా లైన్లో ఉన్న షేర్లు ఎగరడం, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో అంకుల్సు "ఏమ్మా ఆర్డర్లు వస్తున్నాయా" అని అడగడం. వస్తున్నాయి అంకుల్, ఎంక్వైరీలు వస్తున్నాయి! ఎంక్వైరీ వేరు, ఆర్డర్ వేరు. అమెరికా క్లయింటు వచ్చి ఆడిట్ చెయ్యాలి, వాళ్ళ ప్రాసెస్ మా రియాక్టర్లలో మళ్ళీ నిలబెట్టాలి, బ్యాచీలు తీసి స్టెబిలిటీ (మందు పాడవకుండా ఉంటుందా అనే పరీక్ష) పెట్టాలి, ఫైలింగులో సైటు మార్చుకోవాలి. పెద్ద మాలిక్యూల్ ఒకటి ఒక చోటు నించి ఇంకో చోటికి రావడానికి ఏళ్ళు పడుతుంది. పాత కాంట్రాక్టులకి చట్టంలోనే గడువిచ్చారు. షేరు ఆ ఏళ్ళన్నీ ఒక్క మధ్యాహ్నంలో ఎక్కేసింది.

మళ్ళీ అదే గవర్నమెంటు సెప్టెంబర్ 25న బ్రాండెడ్ మందుల మీద 100 శాతం సుంకం అంది. మన దగ్గర ఎక్కువ జెనెరిక్కులే, అవి అందులో లేవు కూడా, అయినా మర్నాడు ఇక్కడ ఫార్మా షేర్లు పడ్డాయి. ఒక చేత్తో చైనా నించి పని లాగి మనకిస్తారు, ఇంకో చేత్తో సుంకం భయం. నేను మాత్రం మా కంపెనీ షేర్లు ఈసాప్ (ఉద్యోగుల షేర్ల పథకం) కింద ఇచ్చినవి తప్ప ఒక్కటి కూడా బయట కొనలేదు. జీతమూ అక్కడే, పొదుపూ అక్కడే అయితే ఎలా.

---

ఫ్రిస్కో_గోదారోడు

అక్కా, చాలా థాంక్స్, లిఫ్టు అంకుల్సు అన్నచోట నవ్వాగలేదు. మరి ఇండియాలో అయితే గవర్నమెంటు సపోర్టు ఇంకా స్ట్రాంగ్ కదా, సెమీకండక్టర్ మిషన్, అమరావతి క్వాంటం వ్యాలీ అంటున్నారు. బావమరిది అయితే అమెరికా షేర్లు లేదంటే అవి అంటున్నాడు.

---

లెక్కల_మాస్టారు

బావమరిదికి నా తరఫున ఈ నాలుగు ముక్కలు చెప్పు నాయనా, నేను సీఏ ప్రాక్టీసు విజయవాడలో, ప్రతి జూలైలో ఈ ఏడుపులే వింటుంటా.

ఇండియా నించి అమెరికా షేర్లు కొనాలంటే ఎల్ఆర్ఎస్ (బయటి దేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ స్కీము) కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. డివిడెండు మీద అమెరికా 25 శాతం కోస్తుంది. రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల వివరాలు) నింపాలి, ఒక్క షేరున్నా సరే, ఇది మర్చిపోయి నోటీసులు తెచ్చుకున్నవాళ్ళు నా దగ్గరే బోలెడు. ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. అమెరికా పౌరుడు కాదు, అక్కడ నివాసమూ లేదు అనుకో, అమెరికా షేర్లు 60 వేల డాలర్లు దాటి ఉండగా మనిషి పోతే మిగతా దాని మీద అమెరికా ఎస్టేట్ టాక్స్ పడుద్ది. చిన్నవాడే, నూరేళ్ళు బతకాలి, కానీ తెలిసుండాలి కదా.

ఇక మన సర్కారు సొమ్ము. 76 వేల కోట్ల సెమీకండక్టర్ మిషన్ 2021 డిసెంబర్‌లో వచ్చింది. ధోలేరాలో టాటా వాళ్ళ 91 వేల కోట్ల ఫ్యాబుకి ప్రాజెక్టు ఖర్చులో సగం కేంద్రం పెడుతోంది. కానీ ఆ టాటా ఎలక్ట్రానిక్స్ లిస్టెడ్ కంపెనీ కాదు, షేరు ఎక్కడ కొంటాడు మీవాడు? మన ఆంధ్రాకి మొన్న ఆగస్టులో ఒక చిప్ ప్యాకేజింగ్ యూనిట్ ఇచ్చారు, 468 కోట్లు, సంతోషమే, దానికీ లిస్టింగ్ లేదు. క్వాంటం మిషన్ 6,003 కోట్లు, 2031 దాకా, ఎక్కువగా ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటి చోట్ల పరిశోధనకి. అమరావతికి ఐబీఎం 156 క్యూబిట్ మెషీను వస్తోందంటే గర్వంగానే ఉంది, మా వాడు కూడా ఆ కోర్సు చదువుతానంటున్నాడు, కానీ దాన్ని చూపించి మనం కొనగలిగే క్వాంటం షేరు ఏదీ లేదు. లేనప్పుడు జనం ఏం చేస్తారంటే, ఏదో కంపెనీ మేమూ క్వాంటంలోకి దిగుతున్నాం అని ఎక్స్ఛేంజీకి ఒక కాగితం పంపితే దాని మీద పడతారు. అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకి అనుమతించిన గరిష్ఠ రేటు), మళ్ళీ అప్పర్ సర్క్యూట్, తర్వాత అమ్ముకోవడానికి కూడా వీల్లేని లోయర్ సర్క్యూట్. ఆ కంపెనీ బ్యాలెన్స్ షీటు తీసి ఉద్యోగుల జీతాల లైను చూడమను, పీహెచ్‌డీలు పెట్టుకున్న కంపెనీకి ఆ లైనే చెప్పేస్తుంది.

---

చిప్పు_సోదరుడు

మాస్టారూ, జీతాల లైను చూడటం సూపర్, నేను కొట్టేస్తున్నా ఇది.

గోదారోడూ, నీకు నేను చెప్పేది ఒకటే, ఏ వార్త చూసినా అది ఏ రకం డబ్బో ముందు వెతుకు. ప్రెస్ రిలీజ్ కాదు, ఎస్ఈసీ (అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) సైటులో 8-కే (ముఖ్యమైన సంగతులపై కంపెనీ ఇచ్చే ఫైలింగు) తియ్యి, బోరు కొట్టినా చదువు. వాటా అయితే ఎంత రేటుకి, నీ వాటా ఎంత పలచనైంది. కొనుగోలు కాంట్రాక్టు అయితే "గవర్నమెంటు తన సౌకర్యం కోసం రద్దు చేసుకోవచ్చు" అనే క్లాజు ఉంటుంది, దాదాపు అన్నిట్లో ఉంటుంది. అప్పు అయితే ఎప్పుడు తీర్చాలి. ధర గ్యారంటీ అయితే ఎన్నేళ్ళు. ఆ నాలుగూ ఒకటే కాదు, గ్రూపులో మాత్రం అన్నిటికీ "గవర్నమెంటు ఎంటరైంది" అనే ఒకే రాకెట్ బొమ్మ. ఇంకోటి, ఇలాంటి వార్తకి షేరు లేచిన మర్నాడో ఆ వారంలోనో కంపెనీ చాలాసార్లు కొత్త షేర్లు అమ్ముతుంది, వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి డబ్బు కావాలి, నువ్వైనా అదే చేస్తావ్. ఐయాన్‌క్యూ కూడా షేరు బాగా పెరిగాక అక్టోబర్‌లో 2 బిలియన్లు ఎత్తింది, అది ఆ వాటా వార్త కన్నా ముందే.

---

ల్యాబ్_కోటు

బయోటెక్ మీద నిజంగా ఆశ ఉంటే ఒక్క కంపెనీ కాకుండా ఎక్స్‌బీఐ లాంటి ఫండు చూడండి, అందులో చిన్నా పెద్దా దాదాపు సమానంగా ఉంటాయి, ఒకటి పోయినా ఒకటి నిలబెడుతుంది. అది కూడా ఊగుతుంది, ముందే చెప్తున్నా. డౌన్‌పేమెంటు డబ్బుతో మాత్రం వద్దు తమ్ముడూ, పైన బావగారి పెళ్ళి అప్పు గుర్తు పెట్టుకో.

---

ఫ్రిస్కో_గోదారోడు

రెండ్రోజులు ఆలోచించి, మా ఆవిడతో కూర్చుని మాట్లాడి రాస్తున్నా. 40 వేలలో 36 వేలు ట్రెజరీ బిల్సులో (అమెరికా గవర్నమెంటు కొద్దికాలపు అప్పు పత్రాలు) పెట్టేస్తున్నాం. రెండు వేలు ఎక్స్‌బీఐ. మిగతా రెండు వేలు ఇంటెలో ఎంపీయో, 8-కే లు చదివాక చూస్తా. ఇంటెల్‌ది నిన్న రాత్రి తీశా, వారంట్ దగ్గరకొచ్చేసరికి నిద్రొచ్చేసింది. బావమరిదికి 60 వేల సంగతి చెప్తే "చావు గురించి మాట్లాడతావేంటి బావా" అని ఫోన్ పెట్టేశాడు.

ఇంకో సంగతి. గ్రూపు పెద్దాయన్ని నిన్న గుడిలో కలిసినప్పుడు మీరెప్పుడు కొన్నారు అని అడిగా. కాసేపు నసిగి చెప్పాడు, రిగెట్టి అక్టోబర్ మధ్యలో 50 పైన కొన్నాడంట, ఇప్పుడు సగానికన్నా తక్కువ. పాపం, తనే నన్నడిగాడు, ఇది డిసెంబర్ లోపు అమ్మితే టాక్సులో ఏమన్నా కలిసొస్తుందా అని. నాకు తెలీదన్నా.

---

పాతకాపు_న్యూజెర్సీ

వస్తుంది. వేరే షేర్ల లాభాలుంటే ముందు వాటికి సర్దుబాటు, ఇంకా మిగిలితే జీతం మీద ఏడాదికి 3 వేల డాలర్ల దాకా, మిగతాది వచ్చే ఏడాదికి. అమ్మిన తేదీకి ముందూ వెనకా 30 రోజుల్లో అదే షేరు కొంటే మాత్రం చెల్లదు, అది వాష్ సేల్. ఈ చివరి ముక్క గట్టిగా చెప్పు, ఆయన మళ్ళీ కొనేస్తాడు, నేను అదే చేశా.